ఇంట్లో డేకేర్ నడిపేవాళ్లు ఇంటి ఖర్చులు టాక్స్‌లో చూపించడం: గదుల లెక్క, గంటల లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: టెక్సాస్‌లో సొంత ఇల్లు. 2025 ఏప్రిల్ 1న ఇంట్లోనే డేకేర్ మొదలుపెట్టారు. రాష్ట్రం దగ్గర రిజిస్ట్రేషన్ ఉంది, నలుగురు పిల్లలు వస్తున్నారు. హాలు, వంటగది మీ కుటుంబం కూడా వాడుకుంటుంది కాబట్టి ఇంటి ఖర్చులు చూపించకూడదని ఒక స్నేహితురాలు అన్నారు. సింప్లిఫైడ్ పద్ధతిలో (చదరపు అడుక్కి ఇంత అని వేసే తేలిక లెక్కలో) ఓ నాలుగొందల డాలర్లు వస్తాయి, అది చాలని మీ టాక్స్ చేసే ఆయన అన్నారు. డిప్రిసియేషన్ (ఇల్లు అరుగుతున్నందుకు ఏటా చూపించే ఖర్చు) తీసుకుంటే ఇల్లు అమ్మేటప్పుడు దెబ్బతింటారని ఇంకొకరు చెప్పారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

అమ్మా, ఈ మూడు మాటల్లో ఏది విన్నా నష్టపోయేది మీరే. నేను పదహారేళ్లు ఇంట్లో డేకేర్ నడిపాను. ఆ తర్వాత ఎన్‌రోల్డ్ ఏజెంట్ (టాక్స్ శాఖ గుర్తింపు ఉన్న నిపుణుల) పరీక్షలు రాసి, ఇప్పుడు ఎక్కువగా మనలాంటి ప్రొవైడర్ల రిటర్నులే చేస్తున్నాను. ఏటా నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇవే మూడు మాటలు నమ్మి డబ్బు వదులుకున్నవాళ్లే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట ఆ స్నేహితురాలి మాట. ఇంట్లో ఆఫీసు పెట్టుకున్న మామూలు వ్యాపారస్తులకైతే ఆమె చెప్పింది నిజమే. వాళ్లు చూపించే గదిని వ్యాపారానికి తప్ప దేనికీ వాడకూడదు. కానీ డేకేర్‌కి చట్టంలోనే మినహాయింపు ఉంది. ఇన్‌కమ్ టాక్స్ చట్టం సెక్షన్ 280ఏ లో ఈ వ్యాపారానికి విడిగా ఒక క్లాజు పెట్టారు. పగలు పిల్లలు ఆడుకున్న హాల్లోనే రాత్రి మీరు టీవీ చూసుకున్నా ఆ హాలు లెక్కలోకి వస్తుంది. దానికి రెండు షరతులు. గదిని డేకేర్ కోసం క్రమం తప్పకుండా వాడాలి. రాష్ట్ర చట్టం అడిగే లైసెన్సో రిజిస్ట్రేషనో మీకు ఉండాలి, లేదా దానికి దరఖాస్తు చేసి ఉండాలి, లేదా అది అవసరం లేదని రాష్ట్రమే మినహాయించి ఉండాలి. దరఖాస్తు తిరస్కరించినా, ఇచ్చిన లైసెన్స్ రద్దు చేసినా ఈ మినహాయింపు పోతుంది. మీకు రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఆ కాగితం ఒక కాపీ టాక్స్ ఫైల్లో పెట్టుకోండి, చాలు. ఇంకా లైసెన్స్ తీసుకోకుండా "ముగ్గురు పిల్లలే కదా" అని నడుపుతున్నవాళ్లు ఇది చదువుతుంటే, ముందు మీ రాష్ట్రం నియమం చూసుకోండి. న్యూజెర్సీలో అయిదుగురి దాకా రిజిస్ట్రేషన్ స్వచ్ఛందం. టెక్సాస్‌లో బయటి పిల్లలు ముగ్గురి దాకే ఉంటే ఇప్పుడు ఏ నియమం అమల్లో ఉందో రాష్ట్రం దగ్గరే కనుక్కోండి. రాష్ట్రం అడిగే కాగితం లేకపోతే ఇంటి ఖర్చు మొత్తం ఎగిరిపోతుంది.

మనవాళ్లకి అవసరమైన ఇంకో మాట కూడా ఇక్కడే చెప్తాను. మీరు హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే వీసా) మీద ఈఏడీతో (పని చేసే అనుమతి కార్డుతో) చేస్తున్నానని రాశారు. మంచిది, ఆ కార్డుతో సొంత వ్యాపారం చేసుకోవచ్చు. కానీ కార్డు గడువు ముగిసి కొత్తది రాకపోతే, పని చేసే హక్కు ఉందో లేదో లాయర్ దగ్గర నిర్ధారించుకున్నాకే డేకేర్ నడపండి. మూసిన రోజులు గంటల లెక్కలోకి కూడా రావు. ఈఏడీ లేని హెచ్-4 వాళ్లు "తెలిసినవాళ్ల పిల్లలే" అంటూ డబ్బు తీసుకుని చూసుకోవడం మాత్రం దయచేసి చేయకండి. అక్కడ పోయేది టాక్స్ డబ్బు కాదు, వీసా స్టేటస్.

ఇక అసలు లెక్క. డేకేర్‌లో ఇంటి ఖర్చు రెండు అంకెల మీద నిలబడుతుంది. ఇంట్లో ఎంత భాగం వాడారు, ఎన్ని గంటలు వాడారు. ఈ రెండూ గుణిస్తే వచ్చే శాతమే మీ బిజినెస్ శాతం. ఇంటి ఖర్చు లెక్కేసే ఫారం 8829 లో మొదటి భాగం అంతా దీని గురించే.

గదుల సంగతి ముందు చూద్దాం, అది తేలిక. టేపు పట్టుకుని ఇల్లంతా ఒకసారి కొలవండి. పని జరిగే ప్రతిరోజూ డేకేర్‌కి అందుబాటులో ఉండి, క్రమం తప్పకుండా వాడే గదులన్నీ రాసుకోండి. హాలు, వంటగది, డైనింగ్, పిల్లలు వాడే బాత్రూమ్, మధ్యాహ్నం నిద్రపుచ్చే బెడ్‌రూమ్, వాళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీ గది, బొమ్మలు దాచే అల్మారా, వీటి మధ్య నడిచే వరండా కూడా. ఏ గదిలో ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉన్నారని విడివిడిగా రాయక్కర్లేదు. 1992లో ఐఆర్‌ఎస్ (అమెరికా టాక్స్ శాఖ) ఇచ్చిన రూలింగ్ ప్రకారం, గది ఆ రోజంతా అందుబాటులో ఉండి, క్రమంగా వాడుతుంటే, ఆ రోజు పని గంటలన్నీ ఆ గదికి వర్తిస్తాయి. పిల్లలు పడుకునేది రెండు గంటలే కదా అని బెడ్‌రూమ్‌ని వదిలేయకండి. అలాగే తలుపు వేసి ఉంచే మాస్టర్ బెడ్‌రూమ్, పూజ గది, నెలకోసారి వాడే గెస్ట్ రూమ్ కలపకండి. కలిపితే ఆడిట్‌లో మిగతా గదుల మీద కూడా నమ్మకం పోతుంది.

ఇందులో ఒక విషయం మీద మీరు ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. ఒక గదిని పూర్తిగా డేకేర్‌కే వదిలేస్తే, ఆ గదికి గంటల కోత ఉండదు. 24 గంటలూ, 365 రోజులూ అది బిజినెస్ గదే. మీరు చెప్పిన ఆటగది అలాంటిది కావచ్చు. కానీ "పూర్తిగా" అంటే నిజంగా పూర్తిగానే. సాయంత్రం పిల్లలు వెళ్లాక మీ అబ్బాయి అదే గదిలో ఆడుకుంటే అది ఉమ్మడి గది అయిపోయినట్టే. అత్తగారూ మామగారూ ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చి రాత్రిళ్లు ఆ గదిలో పడుకుంటే కూడా అంతే. అది తప్పేమీ కాదు, కాకపోతే ఆ గదిని ఉమ్మడి లెక్కలోకి మార్చాలి. ఈ విషయంలో మీకు మీరే నిజాయితీగా సమాధానం చెప్పుకోండి.

గంటల దగ్గరే ఎక్కువమంది పోగొట్టుకుంటారు. పిల్లలు ఉన్న గంటలే లెక్క అనుకుంటారు. ఉదయం ఏడున్నరకి మొదటి పిల్లాడు వస్తాడు, సాయంత్రం ఆరుకి ఆఖరి పాప వెళ్తుంది, కాబట్టి పదిన్నర గంటలు అని రాసేస్తారు. మరి ఆరున్నరకే లేచి పాలు, టిఫిన్ సిద్ధం చేసి, బొమ్మలు తుడిచి, మ్యాట్‌లు పరిచింది ఎవరు? సాయంత్రం వాళ్లు వెళ్లాక డయాపర్ పెయిల్ ఖాళీ చేసి, నేల తుడిచి, మర్నాటి యాక్టివిటీకి రంగు కాగితాలు కత్తిరించింది ఎవరు? శనివారం పొద్దున పెద్ద క్లీనింగ్, అటెండెన్స్ షీట్లు, బిల్లులు, కొత్త తల్లిదండ్రులతో ఇంటర్వ్యూలు? డేకేర్ పని కోసం ఇంట్లో గడిపిన ఈ గంటలన్నీ లెక్కలోకి వస్తాయి, పిల్లలు ఆ సమయానికి లేకపోయినా సరే. మూడు మాత్రం గుర్తుంచుకోవాలి. పిల్లలు ఉన్న గంటల్లోనే చేసిన వంటని రెండోసారి కలపకూడదు. మీ ఇంటివాళ్ల కోసం చేసిన వంట, మీ సొంత బట్టలు ఉతికిన సమయం కలపకూడదు. కాస్ట్‌కోకి వెళ్లివచ్చిన గంటలు కలపకూడదు, ఎందుకంటే ఆ సమయంలో వాడింది ఇల్లు కాదు.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. మీరు ఏడాది మధ్యలో మొదలుపెట్టారు. ఫారం 8829 లో అయిదో లైనులో 8,760 అని అచ్చు వేసి ఉంటుంది. అది ఏడాది మొత్తం గంటలు. ఏప్రిల్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా 275 రోజులు, అంటే మీకు 6,600 గంటలే. ఆ 8,760 తీసేసి 6,600 వేయాలి. ఇది చూసుకోకుండా సాఫ్ట్‌వేర్ ఏది చూపిస్తే అది వదిలేస్తే మీ గంటల శాతం నాలుగో వంతు తగ్గిపోతుంది. దానికి తగ్గట్టు ఖర్చులు కూడా ఏప్రిల్ నుంచి ఉన్నవే తీసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా కరెంటు బిల్లు డేకేర్‌ది కాదు.

మీరు ఇచ్చిన వివరాల దగ్గరగా అంకెలు వేసి చూపిస్తాను, మీ అసలు అంకెలు వేసుకుని సరిచూసుకోండి. ఇల్లు 2,400 చదరపు అడుగులు అనుకుందాం. డేకేర్‌కే వదిలేసిన ఆటగది 240 అడుగులు, అంటే 10 శాతం. ఉమ్మడిగా వాడే గదులు 1,200 అడుగులు, అంటే 50 శాతం. సెలవులు పోను 185 రోజులు నడిపారు. పిల్లలు ఉన్నది రోజుకి పదిన్నర గంటలు, ముందూ వెనకా మీ పని గంటన్నర, మొత్తం 12 గంటలు. 185 రోజులకి 2,220 గంటలు. వారాంతాల్లో మూడు గంటల చొప్పున 38 వారాలకి 114. మొత్తం 2,334. దాన్ని 6,600 తో భాగిస్తే 35.36 శాతం. ఉమ్మడి గదుల 50 శాతంలో 35.36 శాతం అంటే 17.68. దానికి ఆటగది 10 కలిపితే 27.68 శాతం. ఇదీ మీ బిజినెస్ శాతం.

ఇక్కడ రెండు పోలికలు చూడండి. ఆటగది కూడా ఉమ్మడిదే అయితే ఇదే ఇంటికి 21.22 శాతమే వచ్చేది. పిల్లలు ఉన్న గంటలు మాత్రమే వేసి ఉంటే ఆటగది కలిపినా 24.72 దగ్గర ఆగేది. ఆ మూడు శాతం తేడాయే మీ ఖర్చుల మీద దాదాపు వెయ్యి డాలర్లు. రోజూ ఒక నోటు పుస్తకంలో రెండు లైన్లు రాసుకున్నందుకు ఇది చిన్న మొత్తం కాదు.

ఒక పూర్తి గది, కొన్ని ఉమ్మడి గదులు ఉన్నప్పుడు ఫారం 8829 లైన్లలో ఈ లెక్క నేరుగా ఇమడదు. రెండు భాగాలూ విడిగా లెక్కేసి, ఏడో లైనులో మొత్తం శాతం వేసి, లెక్క చేసిన కాగితాన్ని రిటర్నుకి జతచేయాలని ఫారం సూచనల్లోనే ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇది చేత్తో వేయాల్సిందే. మీ టాక్స్ ఆయనకి ఈ మాట చెప్పండి.

ఇప్పుడు ఆ శాతాన్ని దేనికి వర్తింపజేయాలి? మార్ట్‌గేజ్ వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, ఇంటి ఇన్సూరెన్స్, కరెంటు, గ్యాస్, నీళ్లు, చెత్త, ఇల్లంతటికీ సంబంధించిన రిపేర్లు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి వడ్డీ బదులు అద్దె. ఇక్కడ నేను తరచూ చూసే తప్పు, ఈఎంఐ మొత్తాన్ని ఖర్చుగా వేసేయడం. అందులో లోన్ అసలు (ప్రిన్సిపల్) కింద కట్టింది ఖర్చు కాదు, వడ్డీ మాత్రమే ఖర్చు. ఎస్క్రోలో (టాక్స్, ఇన్సూరెన్స్ కోసం లెండర్ దగ్గర ఉంచే ఖాతాలో) మీరు నెలనెలా వేసినది కూడా ఖర్చు కాదు, అందులోంచి కౌంటీకి, ఇన్సూరెన్స్ కంపెనీకి నిజంగా వెళ్లినదే ఖర్చు. మీ లెండర్ పంపే ఫారం 1098 (కట్టిన వడ్డీ చూపే కాగితం), ఎస్క్రో స్టేట్‌మెంట్ రెండూ దగ్గర పెట్టుకోండి.

ఏ రిపేరు ఎక్కడ జరిగిందన్నది కూడా ముఖ్యం. పూర్తిగా డేకేర్‌దే అయిన ఆటగదికి రంగు వేయిస్తే అయిన ఖర్చు మొత్తం డేకేర్ ఖర్చే. ఏసీ బాగుచేయిస్తే 27.68 శాతం. మాస్టర్ బాత్రూమ్ కుళాయికి సున్నా. హాల్లో పిల్లల వల్ల కార్పెట్ మాడిపోయి అతుకు వేయిస్తే, హాలు ఉమ్మడిది కాబట్టి గంటల శాతం దానికి వర్తిస్తుంది. పైకప్పు మొత్తం మార్చడం లాంటివి రిపేర్లు కావు, వాటిని ఏళ్ల తరబడి డిప్రిసియేషన్‌గా తీసుకోవాలి.

ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా మీకు వడ్డీ 15,000, ప్రాపర్టీ టాక్స్ వాటా 6,600, ఇన్సూరెన్స్ 2,100, కరెంటు నీళ్లు గ్యాస్ 3,300, రిపేర్లు 600 అనుకుంటే మొత్తం 27,600 డాలర్లు. అందులో 27.68 శాతం అంటే దాదాపు 7,640. డిప్రిసియేషన్ ఇంకా కలపలేదు.

"మేం స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటాం, వడ్డీ ఎలా చూపిస్తాం" అని చాలామంది అడుగుతారు. 2025కి భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు విడివిడిగా చూపించకుండా తీసుకునే స్థిరమైన తగ్గింపు) 31,500 డాలర్లు. అది తీసుకున్నా డేకేర్ వాటా వడ్డీ, ప్రాపర్టీ టాక్స్ ఫారం 8829 లో విడిగా వస్తాయి. పైగా అక్కడ వస్తేనే లాభం ఎక్కువ. షెడ్యూల్ ఏ (సొంత ఖర్చులు విడివిడిగా చూపించే ఫారం) లో చూపించిన వడ్డీ ఇన్‌కమ్ టాక్స్‌ని మాత్రమే తగ్గిస్తుంది. ఫారం 8829 నుంచి షెడ్యూల్ సీ (వ్యాపారం లాభనష్టాల ఫారం) కి వెళ్లిన ఖర్చు మీ లాభాన్నే తగ్గిస్తుంది, కాబట్టి 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ (సొంత వ్యాపారం చేసేవాళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోసం కట్టేది) కూడా తగ్గుతుంది. మనలాంటి చిన్న వ్యాపారాలకి ఇన్‌కమ్ టాక్స్ కన్నా ఎక్కువ నొప్పి పెట్టేది ఈ టాక్సే.

ఇక అందరూ భయపెట్టే డిప్రిసియేషన్. దీని గురించి నా సొంత అనుభవం చెప్పాలి. డేకేర్ మొదలుపెట్టిన కొత్తలో నా రిటర్న్ చేసిన ఆయన "అమ్మేటప్పుడు ఇబ్బంది, మనకొద్దులేమ్మా" అన్నారు. నేనూ సరే అన్నాను. ఏళ్ల తర్వాత ఆ ఇల్లు అమ్మినప్పుడు తెలిసింది, ఐఆర్‌ఎస్ లెక్కలో మనం తీసుకున్న డిప్రిసియేషన్ ఒక్కటే కాదు, తీసుకోవడానికి హక్కు ఉండి తీసుకోనిది కూడా తీసుకున్నట్టే. అన్నేళ్లు పైసా లాభం పొందకుండా, అమ్మేటప్పుడు మాత్రం దాని మీద టాక్స్ కట్టాను. వదిలేసిన డిప్రిసియేషన్‌ని ఫారం 3115 తో రాబట్టుకునే దారి ఉందని అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పటికే ఏళ్ల తరబడి వదిలేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ ఫారం పేరు రాసుకుని తెలిసిన ప్రొఫెషనల్ దగ్గరికి వెళ్లండి.

మీ ఇంటికి లెక్క ఇలా ఉంటుంది. ఇల్లు కొన్న ధర, డేకేర్ మొదలుపెట్టిన రోజున మార్కెట్ ధర, ఈ రెండిట్లో తక్కువది తీసుకోవాలి. అందులోంచి స్థలం విలువ తీసేయాలి, ఎందుకంటే నేల అరగదు. టెక్సాస్‌లో అప్రైజల్ డిస్ట్రిక్ట్ పంపే నోటీసులో స్థలం విలువ, కట్టడం విలువ విడివిడిగా ఉంటాయి, ఆ నిష్పత్తి వాడుకోవచ్చు. కట్టడం 3,20,000 డాలర్లు అనుకుంటే, 27.68 శాతం అంటే 88,576. దీన్ని 39 ఏళ్ల మీద పంచుతారు. ఏప్రిల్‌లో మొదలైతే మొదటి ఏడాదికి 1.819 శాతం, అంటే 1,611 డాలర్లు. తర్వాతి ఏడాది నుంచి 2.564 శాతం, ఏటా సుమారు 2,271. పైన లెక్కేసిన 7,640 తో కలిపితే ఈ ఏడాది ఇంటి ఖర్చు 9,250 దాటుతుంది. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ ఒక్కటే దీనివల్ల 1,300 డాలర్ల దాకా తగ్గుతుంది, ఇన్‌కమ్ టాక్స్ తగ్గేది విడిగా.

అమ్మేటప్పుడు ఏమవుతుంది? ఇదే పద్ధతిలో ఏడేళ్లు నడిపితే మొత్తం డిప్రిసియేషన్ దాదాపు 15,200 డాలర్లు. లాభానికి అమ్మితే, లాభంలో ఆ 15,200 వరకు గరిష్ఠంగా 25 శాతం టాక్స్ పడుతుంది, అంటే 3,800 మించదు. మిగతా లాభం మీద సొంత ఇంటి మినహాయింపు, భార్యాభర్తలకి 5,00,000 డాలర్ల దాకా ఉండేది, అర్హతలు ఉంటే అలాగే ఉంటుంది. మీ గదులు అదే ఇంట్లో ఉన్నాయి కాబట్టి ఇంటిని రెండు ముక్కలు చేసి లెక్కేయక్కర్లేదు. ఈలోపు ఏడేళ్లూ ఆ మొత్తం మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్, ఇన్‌కమ్ టాక్స్ రెండూ ఆదా అయి ఉంటాయి. భయపడాల్సింది తీసుకోకుండా వదిలేసినందుకే.

సింప్లిఫైడ్ పద్ధతి 2013లో వచ్చింది. చదరపు అడుక్కి 5 డాలర్లు, 300 అడుగులకి మించకూడదు, కాబట్టి ఎంత పెద్ద ఇల్లయినా 1,500 డాలర్ల దగ్గర ఆగుతుంది. ఉమ్మడి గదులైతే దాన్ని కూడా గంటల శాతంతో తగ్గించాలి. మీరు తొమ్మిది నెలలే నడిపారు కాబట్టి ఇంకా తగ్గి, మీ టాక్స్ ఆయన చెప్పిన ఆ నాలుగు వందలే మిగులుతాయి. ఒక గది అద్దెకి తీసుకుని కొద్ది గంటలు మాత్రమే నడిపేవాళ్లకి అది సరిపోతుందేమో. 9,250 పక్కన 400 పెట్టి చూసుకోండి.

ఒక హద్దు ఉంది. ఇంటి ఖర్చుతో మీ డేకేర్‌ని నష్టంలోకి తీసుకెళ్లలేరు. మిగతా ఖర్చులు పోను మిగిలిన ఆదాయం దాకానే ఈ ఏడాది వస్తుంది, మిగిలింది వచ్చే ఏడాదికి వెళ్తుంది. మీకు నలుగురు పిల్లల ఫీజు ఉంది కాబట్టి ఈ సమస్య రాదు. ఒక్క పాపతో మొదలుపెట్టినవాళ్లు మాత్రం మిగిలిన మొత్తాన్ని మర్చిపోకుండా మరుసటి ఏడాది ఫారంలో ఎక్కించుకోవాలి. సింప్లిఫైడ్‌లో ఇలా ముందుకి తీసుకెళ్లే వీలు లేదు.

తిండి ఖర్చు ఈ శాతంలోకి రాదు, అది షెడ్యూల్ సీ లో విడిగా వెళ్తుంది. కొందరు ఇది కూడా 27 శాతమే వేస్తారు, అలా చేయకండి. ఒకే బియ్యం బస్తా లోంచి మీ ఇంటికీ, పిల్లలకీ వండుతారు కదా, ఏది ఎంతో తేల్చడం కష్టం. అందుకే ఐఆర్‌ఎస్ భోజనానికి ఒక రేటు ఇచ్చింది, కిరాణా బిల్లులతో పని లేదు. 2024లో అలాస్కా, హవాయి కాకుండా మిగతా చోట్ల టిఫిన్‌కి 1.65, భోజనానికి 3.12, స్నాక్‌కి 0.93 డాలర్లు. ఒక్కో పిల్లకి రోజుకి ఒక టిఫిన్, ఒక మధ్యాహ్న భోజనం, ఒక రాత్రి భోజనం, మూడు స్నాక్స్ దాకా వేసుకోవచ్చు. 2025 రేటు ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 587 లో చూసుకోండి. మీ సొంత బిడ్డ తిన్నది కలపకూడదు. ఫుడ్ ప్రోగ్రామ్ (డేకేర్ పిల్లల భోజనానికి డబ్బిచ్చే ప్రభుత్వ పథకం) స్పాన్సర్ నుంచి డబ్బు వస్తుంటే అది తీసేశాకే ఖర్చు చూపించాలి. ఎవరు ఏ రోజు ఏం తిన్నారో పేరుతో, తేదీతో రాసిపెట్టుకోండి.

చాలామంది వదిలేసేది ఇంకొకటి ఉంది. డేకేర్ మొదలయ్యేసరికే ఇంట్లో ఉన్న ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, సోఫా, డైనింగ్ టేబుల్. ఏప్రిల్ 1 నుంచి అవీ డేకేర్‌కి పనిచేస్తున్నాయి. ఆ రోజుకి వాటి విలువ ఎంతో నిజాయితీగా రాసి, ఫొటోలు తీసి పెట్టుకోండి. వాటి డిప్రిసియేషన్‌లో కూడా మీకు వాటా ఉంది. పిల్లల కోసమే కొన్న మంచాలు, బొమ్మలు, గేట్లు మాత్రం మొత్తం డేకేర్ ఖర్చే.

ఆదాయం తగ్గించి చూపించాలన్న ఆలోచన ఎవరైనా చెప్తే వినకండి. తల్లిదండ్రులు చైల్డ్ కేర్ క్రెడిట్ కోసం ఫారం 2441 లో మీ నంబరు, మీకిచ్చిన మొత్తం రాస్తారు. ఆ నంబరు మీ సోషల్ సెక్యూరిటీ నంబరు కాకుండా ఈఐఎన్ (వ్యాపారానికి ఇచ్చే టాక్స్ నంబరు) అయితే మంచిది, ఐఆర్‌ఎస్ సైట్‌లో ఉచితంగా వస్తుంది. పైగా న్యాయంగా చూపించిన లాభం మీ పేరు మీద సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు తెస్తుంది. 2025లో నాలుగు క్రెడిట్లకి 7,240 డాలర్ల ఆదాయం చాలు. ఇంతకాలం భర్త పేరు మీదే అన్నీ ఉన్న మనలాంటి ఆడవాళ్లకి ఇది నిజంగా విలువైనది.

మీరు గంటలు రాసుకోలేదని కూడా రాశారు. పోయినవాటిని గుండ్రటి అంకెల్లో ఊహించి వేయకండి. సైన్-ఇన్ షీట్లు, తల్లిదండ్రులతో నడిచిన వాట్సాప్ మెసేజీలు, జెల్ (బ్యాంకు యాప్) చెల్లింపులు, ఫోన్లో ఫొటోల సమయాలు ముందు పెట్టుకుని నెలనెలా తిరిగి రాయండి, ఏ ఆధారంతో రాశారో పక్కనే పెట్టండి. ఇవాళ్టి నుంచి మాత్రం ఒక క్యాలెండర్ వంటగది గోడకి తగిలించి, పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసిందో అందులోనే రాయండి. ఇల్లు కొన్న కాగితాలు ఇల్లు అమ్మి రిటర్న్ వేశాక కూడా మూడేళ్లు దాచాలి.

ఇంకా ఫైల్ చేయలేదన్నారు, అది మంచి విషయం. ఎందుకంటే ఒక ఏడాదికి సింప్లిఫైడ్ ఎంచుకుని రిటర్న్ వేశాక, ఆ ఏడాదికి తర్వాత మార్చుకునే వీలు లేదు. మీ టాక్స్ ఆయనకి ఫోన్ చేసి రిటర్న్ ఆపమని చెప్పండి. గంటలు, గదుల కొలతలు, ఏప్రిల్ నుంచి బిల్లులు ఇచ్చి ఫారం 8829 తో లెక్క చేయమనండి. 2026 ఏప్రిల్ 15 లోపు ఇవన్నీ కుదరకపోతే ఫారం 4868 వేస్తే అక్టోబర్ 15 దాకా గడువు వస్తుంది. అది కాగితాలకి గడువు మాత్రమే, కట్టాల్సిన టాక్స్ ఎంతో అంచనా వేసి ఏప్రిల్ 15కే కట్టేయండి. లెక్క మొత్తం అయ్యాక ఏడో లైనులో ఎంత శాతం వచ్చిందో ఇక్కడ రాయండి, నేను చూసి చెప్తాను.